నొప్పి చెప్పని గుండెపోటు

గుండెపోటు అనగానే మన కన్నులకు కట్టు దృశ్యమొకటి కలదు. నడివయసు పురుషుడొకడు హఠాత్తుగా రొమ్మును చేతితో అదిమి పట్టుకొనును, ముఖము వెలవెలబోవును, నిలుచున్నవాడు నిలుచున్నట్లే కుప్పకూలును. చలనచిత్రములు ఈ దృశ్యమును లెక్కలేనన్ని మారులు మనకు చూపినవి. రేడియో నాటికలలో మేమును ఒక మూలుగును, ఒక కేకను వినిపించి ఊరకొందుము. తక్కినది శ్రోతలే ఊహించుకొందురు. ఈ దృశ్యము అబద్ధము కాదు. 1768లో లండనులోని రాయల్ వైద్య కళాశాలలో విలియం హెబర్డెన్ అను వైద్యుడు ఒక వ్యాసము చదివెను. నడచునపుడు, అందును ఎత్తు ఎక్కునపుడు, భోజనమైన పిమ్మట రొమ్ములో పుట్టి, నిలుచున్నంతనే తగ్గిపోవు బాధను ఆయన అందులో వర్ణించెను. నాటినుండి గుండెజబ్బునకు మొదటి గుర్తు రొమ్మునొప్పియే యని వైద్యులును, ప్రజలును భావించుచు వచ్చిరి. చాలవరకు ఆ భావన సరియైనదే.

కాని నొప్పి లేకుండ వచ్చు గుండెపోటును కలదు. వృద్ధులలోను, స్త్రీలలోను, మధుమేహము గలవారిలోను అది తక్కినవారిలోకంటె తరచుగా కనబడును. మధుమేహమనగా మన ఇండ్లలో ‘షుగరు’ అని పిలుచుకొను జబ్బే. మార్కాపురము, కంభము, గిద్దలూరు, యర్రగొండపాలెము ప్రాంతములలో నేడు షుగరు మాత్రలు లేని వీధి అరుదు. ఆ మాత్రలు మ్రింగువారికి గుండెపోటు వచ్చునపుడు ఆ ఆపద తన పేరు చెప్పక, వేరొక పేరుతో తలుపు తట్టవచ్చును. ఆ మారుపేర్లు ఎట్టివో, అట్లు జరుగుటకు కారణమేమో, అపుడు ఇంటిలోనివారు చేయవలసినదేమో వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మొదట గుండెపోటు అనగా నేమో చూతము. గుండె ఒక కండరము. ఒడలంతటికి నెత్తురు పంపు ఆ కండరమునకును నెత్తురు కావలెను. దానిని అందించుటకు గుండెపైన ప్రత్యేకముగా రక్తనాళములు అల్లుకొనియున్నవి. సంవత్సరముల తరబడి ఆ నాళముల లోపలి గోడలలో క్రొవ్వు పేరుకొనును. ఒకనాడు ఆ క్రొవ్వు పొర పగిలినచో, ఆ పగులుమీద నెత్తురు గడ్డకట్టి దారి మూసివేయును. అట్లు దారి మూసికొనిపోయినను మనిషి వెంటనే మరణింపకపోవచ్చునని, బ్రతికియుండగనే ఈ జబ్బును గుర్తింపవచ్చునని 1912లో అమెరికా వైద్యుడు జేమ్స్ హెరిక్ తెలియజెప్పెను. నెత్తురు అందని కండరము సుమారు అరగంట దాటినది మొదలు చచ్చుటకు ఆరంభించును. గంటలు గడచినకొలది చచ్చిన భాగము పెరుగుచు పోవును. చచ్చిన గుండె కండరము తిరిగి మొలవదు. అచ్చట మచ్చ మాత్రము మిగులును.

నొప్పి ఎట్లు పుట్టునో చెప్పుటలో మన తెలుగువాని పేరొకటి తలచుకొనవలసియున్నది. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములో సైరస్ ఫిస్కేతో కలిసి పరిశోధించి, కండరములకు శక్తినిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో వెల్లడించెను. అదే కాలమున జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని కనుగొనెను. గుండె ప్రతి కొట్టుకొనుటకును ఈ పదార్థమే ఇంధనము. ప్రాణవాయువు అందనపుడు ఇంధనము తరిగిపోయి, దాని విచ్ఛిన్నముచే ఎడినోసిను అను పదార్థము కండరములో పేరుకొనును. అదియును, మరికొన్ని ఆమ్ల పదార్థములును కలిసి గుండెలోని సన్నని నాడుల కొనలను రెచ్చగొట్టును. ఆ నాడులు వార్తను వెన్నుపాములోని పైభాగమునకు మోసికొనిపోవును. రొమ్మునుండియు, ఎడమ చేతినుండియు వచ్చు నాడులు గూడ ఆ చోటికే చేరును. అందుచే మెదడు తికమకపడి, గుండెలోని బాధను రొమ్ములోను, భుజములోను, చేతిలోను, ఒక్కొక్కపుడు దవడలోను ఉన్నట్లు అనుభవించును.

ఇపుడు మధుమేహము చేయు పని చూతము. నెత్తురులో చక్కెర చాలకాలము హెచ్చుగా నున్నచో, నాడులకు ఆహారమందించు సన్నని రక్తనాళములును, నాడులును గూడ చెడును. పొడుగైన నాడులు ముందుగా దెబ్బతినును. కావుననే చాలమందికి మొదట పాదములలో మంటలు, తిమ్మిరి, సూదులు గ్రుచ్చినట్లుండుట కనబడును. కొంతకాలమునకు మంటయును పోయి మొద్దుబారును. నడుచుచుండగా కాలి చెప్పు జారిపోయినను తెలియదు. ముల్లు దిగినను, నిప్పు తగిలినను తెలియదు. పుండు పడిన తరువాత ఇంటివారు చూచి చెప్పిననే తెలియును. ఈ సంగతి మన ప్రాంతములో అనేకులకు అనుభవమే.

కాళ్ళలో జరిగినదే గుండెలోను జరుగవచ్చును. గుండె వేగమును అదుపులో నుంచు నాడులును, గుండె బాధను మోసికొనిపోవు నాడులును మెల్లమెల్లగా క్షీణించును. నొప్పి లేకుండ వచ్చిన గుండెపోటుతో మరణించిన మధుమేహ రోగుల గుండెలను అర్జెంటీనా వైద్యులు సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందలి నాడులు చెడియుండుటను 1977లో ప్రకటించిరి. నల్లమల అంచున చేలున్న రైతులకు ఈ విషయము విప్పి చెప్పనక్కరలేదు. మంచెమీది కావలివాడు నిద్రించినంత మాత్రమున అడవిపంది చేలో పడుట మానునా? పంది వచ్చును, పైరును పాడుచేయును. కేక వేయువాడు మాత్రము ఉండడు. తెల్లవారి చూచినపుడే నష్టము తెలియును. నొప్పి అనునది మనకు శత్రువని తలంతుము గాని, అది శరీరమునకు కావలివాడు.

అంతేకాదు. మధుమేహము నాడులను మొద్దుబార్చుటతో ఆగదు. గుండె రక్తనాళములలో క్రొవ్వు పేరుకొనుటను తొందరపెట్టి, ఒక్కచోట గాక అనేక చోట్ల నాళములను ఇరుకుచేయును. నెత్తురు గడ్డకట్టు గుణమునుకూడ హెచ్చించును. అనగా ఆపద వచ్చు అవకాశమును పెంచుచు, ఆపద వచ్చినదని చెప్పు గొంతును నొక్కుచున్నది. ఈ రెండును ఒక్క మనిషిలో కలియుటయే ఇందులోని ప్రమాదము.

ఇట్టివి ఎంతమందికి జరుగును? అమెరికాలో గుండెపోటుతో ఆసుపత్రులలో చేరిన 4,34,877 మంది వివరములు 2000 సంవత్సరములో ప్రచురింపబడినవి. వారిలో ముగ్గురికి ఒకరు చొప్పున ఆసుపత్రికి వచ్చునాటికి రొమ్మునొప్పి లేనివారే. నొప్పి లేనివారిలో మధుమేహము గలవారు నూటికి 33 మంది; నొప్పితో వచ్చినవారిలో 25 మంది. నొప్పి గలవారు సగటున 5.3 గంటలకు ఆసుపత్రి చేరగా, నొప్పి లేనివారు 7.9 గంటలకు చేరిరి. చేరిన తరువాత కూడ వారి జబ్బును గుండెపోటుగా వెంటనే గుర్తించుట తక్కువయ్యెను. ఫలితమేమనగా, నొప్పితో వచ్చినవారిలో నూటికి 9 మంది ఆసుపత్రిలో మరణింపగా, నొప్పి లేనివారిలో 23 మంది మరణించిరి. వారు వయసులో పెద్దవారగుట, ఇతర జబ్బులుండుట కొంత కారణమే. అయినను ఆలస్యమును, పొరపాటు నిర్ణయమును ఇందులో పాలుపంచుకొన్నవనుటలో సందేహము లేదు.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. మధుమేహము గలవారందరికి గుండెపోటు మౌనముగనే వచ్చునని అనుకొనరాదు. వారిలోకూడ ఎక్కువమందికి రొమ్ములో బాధ కలుగును. కావున రొమ్మునొప్పి వచ్చినపుడు, ‘నాకు షుగరున్నది, గుండెపోటయితే నొప్పి ఉండదు గదా, ఇది వేరే నొప్పి’ అని తలంచుట అన్నిటికంటె గొప్ప పొరపాటు. నొప్పి ఉన్నచో అది గుర్తు. లేనంత మాత్రమున నిశ్చింత కాదు. ఈ రెండు ముక్కలును కలిపి జ్ఞాపకముంచుకొనవలెను.

మన దేశపు లెక్కలను చూచినను ఈ విషయము చిన్నది కాదు. భారత వైద్య పరిశోధన మండలి వారి సహకారముతో జరిగిన దేశవ్యాప్త పరిశీలన ఫలితములు 2023లో వెలువడినవి. దాని ప్రకారము దేశములో మధుమేహము గలవారు 10 కోట్ల పైచిలుకు; దాని అంచున నున్నవారు 13 కోట్లకు పైబడినవారు. ఇది పట్టణములలోని సంపన్నుల జబ్బు, పల్లెలకు పట్టదను మాటకు కాలము చెల్లినది. ఉభయ గోదావరి జిల్లాల గ్రామములలో జరిపి 2006లో ప్రకటించిన పరిశీలనలో, 30 ఏండ్లు దాటినవారిలో నూటికి 13 మందికి మధుమేహమున్నట్లు తేలినది. అదే ప్రాంతములోని 45 గ్రామములలో మరణములకు కారణములు వెదకగా, మూడింట ఒక వంతుకు దగ్గరగా గుండె, రక్తనాళముల జబ్బులే కారణమైనవి. డెల్టా పల్లెల జీవనము వేరు, మెట్ట పల్లెల జీవనము వేరు అనవచ్చును. కాని కొర్రలు, సజ్జలు, జొన్నసంగటి తిన్న మన మెట్ట ప్రాంతముకూడ మూడుపూటల వరియన్నమునకు అలవాటుపడి చాలకాలమైనది. నాగలి వెంట నడచిన కాళ్ళు మోటారుబండి ఎక్కినవి.

ఇక ఆ మారుపేర్ల సంగతి. ప్రపంచమంతట గుండెపోటునకు ఉన్న మారుపేరు ‘గ్యాసు’. గుండె క్రింది గోడ, రొమ్మును కడుపును వేరుచేయు కండరపు పొరమీద ఆనియుండును. ఆ క్రింది గోడకు నెత్తురు ఆగినపుడు పైకడుపులో బరువు, మంట, వికారము, వాంతి, త్రేన్పులు కలుగుట సహజము. “ఏం లేదు నాయనా, రాత్రి తిన్న పప్పు అరగలేదు, కాస్త గ్యాసు పట్టింది” అని పెద్దాయన అనును. ఇంటివారు వామును నమిలింతురు, సోడా త్రాగింతురు, అంగడినుండి మాత్ర తెత్తురు. త్రేన్పు వచ్చి కొంచెము హాయిగా తోచినచో నిద్రించుమందురు. త్రేన్పు వచ్చుటచే గుండె క్షేమమని రుజువు కాలేదు. మధుమేహముగల మనిషికి ఎన్నడు లేని గ్యాసు బాధ చెమటతోగాని, ఆయాసముతోగాని కలిసి వచ్చినచో అది గుండెదేమోయని మొదట అనుమానించి, తరువాత కడుపును గూర్చి ఆలోచింపవలెను.

రెండవ మారుపేరు మన ప్రాంతమునకు ప్రత్యేకము. అది ఫ్లోరైడు. మన దేశములో నీటిలోని ఫ్లోరైడుచే మనుషుల ఎముకలకు వచ్చు వ్యాధిని వైద్యులు మొట్టమొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించిరి. నేటి దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు నాడు ఆ జిల్లాలోనివే. ఆ నీటి కష్టము పడమటి మండలములకు నేటికిని తీరలేదు. అందుచే మెడ పట్టినను, భుజము లాగినను, చేయి గుంజినను, దవడ నొచ్చినను “ఈ నీళ్ళ నొప్పులు మామూలే” అనుట వాడుకయైనది. ఆ మాటలో నిజమున్నందుననే అది మోసము చేయుచున్నది. ఫ్లోరైడు నొప్పికి సంవత్సరముల చరిత్ర ఉండును. అది మెల్లగా ముదురును. కీలును వంచినపుడు, తిప్పినపుడు హెచ్చును. బిగుసుకొనిపోయిన నడుము, మెడ దానికి సాక్ష్యము. గుండెకు సంబంధించిన బాధ క్రొత్తది. చేతిని కదిపినను కదపకున్నను ఒక్కతీరుగనే ఉండును. నడచిన వచ్చి, కూర్చున్న తగ్గును, లేదా ఏమి చేసినను తగ్గక చెమట పట్టించును. ఇరువది ఏండ్లుగా భుజపు నొప్పి గలవారైనను, నేటి నొప్పి నిన్నటివంటిదేనా యని తమను తాము ప్రశ్నించుకొనవలెను.

మూడవది దుమ్ము. మార్కాపురపు పలకలు దేశమంతటి బడిపిల్లల చేతులలోనికి వెళ్ళినవి. గనులలోను, పలకలు కోయు కర్మాగారములలోను పనిచేసినవారికి ఆయాసము, దగ్గు పరిచితములు. వారికి ఒకనాడు ఎగశ్వాస హెచ్చినచో ‘పాత దుమ్మే’ యని సరిపెట్టుకొందురు. కాని మధుమేహ రోగులలో గుండెపోటు తరచు ఆయాసముగనే బయటపడును. గుండె నెత్తురును ముందుకు నెట్టలేక ఊపిరితిత్తులలో నీరు చేరుటచే ఇట్లగును. ఏండ్లతరబడి ఉన్న ఆయాసము ఒకటి. నిన్న బావివరకు నడిచినవాడు నేడు మంచమునుండి వాకిలివరకు రాలేకపోవుట ఒకటి. వెల్లకిల పండుకొనలేక, నడురేయి లేచి కూర్చుండి గాలికై వెదకుకొను మనిషిని తెల్లవారువరకు ఆపరాదు.

నాల్గవది ఎండ. వేసవిలో మన ప్రాంతపు ఎండను వర్ణింప నక్కరలేదు. చెమటలు పోసి, కన్నులు తిరిగి, నీరసించి పడిపోయినచో వడదెబ్బ యందురు, మజ్జిగ త్రాగింతురు. వడదెబ్బ నిజముగా ప్రాణాంతకమే. దానికిని ఆసుపత్రియే గతి. కాని నీడపట్టున, పని లేకుండ కూర్చున్న మనిషికి ఒడలు చల్లబడి, చల్లని చెమట జిగటగా పోసినచో అది ఎండ పని యనుకొనరాదు. వడదెబ్బ తగిలినవాని ఒడలు సాధారణముగా కాలుచుండును.

ఐదవ మారుపేరు షుగరు జబ్బులోనే కలదు. ఇన్సులిను సూది గాని, కొన్నిరకముల మాత్రలు గాని తీసికొని వేళకు భోజనము చేయనిచో నెత్తురులో చక్కెర పడిపోవును. అపుడును చెమట, దడ, వణకు, నీరసము, తికమక కలుగును. గుండెపోటులోను ఇంచుమించు ఇవే గుర్తులు. ఇంట చక్కెర కొలుచు చిన్న యంత్రమున్నచో వెంటనే చూడవలెను. 70 మిల్లీగ్రాములకు తక్కువగా నున్నచో, తెలివి ఉన్నంతవరకు, మూడు నాలుగు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగింపవలెను. పది పదునైదు నిమిషములలో కోలుకొన్నచో మంచిదే. చక్కెర సరిగా నుండియు చెమట ఆగకున్నను, చక్కెర త్రాగించినను తేరుకొనకున్నను, ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మరియొక సంగతి: ఎన్నాళ్ళుగనో అదుపులోనున్న చక్కెర కారణము లేకుండ ఒక్కసారిగా మూడు వందలు, నాలుగు వందలు చూపించుచు, మనిషి నలతగా నున్నచో, శరీరములో ఏదో పెద్ద కష్టము కలిగినదనుటకు అది గుర్తు. చీము, జ్వరము వంటివి కారణము కావచ్చును, గుండెపోటును కావచ్చును.

భాషనుగూర్చి ఒక మాట. వైద్యుడు “రొమ్ములో నొప్పి ఉందా?” అని అడుగును. రోగి “లేదండి” అనును. ఇద్దరును నిజమే పలికిరి. అయినను ఇద్దరును మోసపోయిరి. ఏలయన మనవారు కత్తితో కోసినట్లున్ననే నొప్పి యందురు. రొమ్ముమీద బండ పెట్టినట్లున్న బరువు యందురు. పట్టినట్లున్న పట్టివేత యందురు. మండినచో మంట యందురు. ఏమియు తోచనిచో గుబులు యందురు. గుండె బాధ ఎక్కువగా ఈ బరువు, పట్టివేత, మంట, గుబులు అను పేర్లతోనే వచ్చును. కావున ఇంటిలోనివారు “నొప్పా?” అని అడిగి ఊరకొనక, “ఎట్లా ఉంది? ఎక్కడ ఉంది? ఎప్పటినుండి? నడిస్తే ఎక్కువవుతున్నదా?” అని అడుగవలెను. స్త్రీల విషయమున ఇది మరింత అవసరము. ఇంటి పని ఆగునను భయముచే అవ్వలు, అమ్మలు “ఒంట్లో కాస్త నలతగా ఉందిలే” అను ఒక్క మాటతో సరిపెట్టుదురు. పైన పేర్కొన్న అమెరికా లెక్కలో నొప్పి లేనివారిలో సగము స్త్రీలే యని మరువరాదు.

అనుమానము కలిగినపుడు చేయవలసినదేమి? మొదటిది, కాలమును వృథా చేయకుండుట. ఇటలీ దేశపు ఆసుపత్రులలో పదునొకండువేలకు పైగా రోగులపై జరిగి 1986లో ప్రకటింపబడిన పరీక్షలో, గడ్డను కరగించు మందును మొదటి గంటలో ఇచ్చినవారికి ఎక్కువ మేలును, ఆలస్యమైనకొలది తక్కువ మేలును కలిగినట్లు తేలినది. ఆ మందువలన ప్రయోజనము సాధారణముగా పండ్రెండు గంటలలోపలనే. అందును మొదటి రెండు మూడు గంటలు బంగారమువంటివి. మార్కాపురమునుండి ఒంగోలు వంద కిలోమీటర్లకు అటునిటుగా నున్నది. గిద్దలూరు ఇంకను దూరము. 1970 వరకు ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలో నుండినవి. నేటికిని గిద్దలూరువారు అనేకులు నల్లమల కనుమ దాటి నంద్యాలకును, కర్నూలునకును వైద్యమునకై పోవుదురు. ఎటు పోయినను దారిలోనే గంటలు గడచును. గ్యాసు మాత్రకై గడపిన రాత్రి ఆ ప్రయాణమునకు ముందు కలిసినచో మిగులునదేమి?

కావున పెద్ద పట్టణపు పేరున్న ఆసుపత్రికి నేరుగా బయలుదేరుటకంటె, ముందుగా దగ్గరనున్న ప్రభుత్వ ఆసుపత్రిలో ఇ.సి.జి. తీయించుట మేలు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రములో ఆరంభమైన 108 వాహనమును పిలువవలెను. రోగిని మోటారుబండి నడుపనీయరాదు, నడిపింపరాదు. 2023లో ఆరంభించి తరువాత విస్తరింపజేసిన ప్రభుత్వ పథకము ననుసరించి, చిన్న ఆసుపత్రిలో తీసిన ఇ.సి.జి.ని దూరమందున్న హృద్రోగ నిపుణునికి యంత్రముద్వారా పంపుదురు. ఆయన చూచి అవసరమనిచో, ఎంతో ఖరీదైన టెనెక్టెప్లేసు అను గడ్డ కరగించు సూదిమందును అచ్చటనే ఉచితముగా ఇచ్చి, పిమ్మట పెద్ద ఆసుపత్రికి పంపుదురు. ఈ మందు అన్నిరకముల గుండెపోటులకు పనికిరాదు, ఇ.సి.జి.లో తగిన మార్పు కనబడవలెను. మీకు దగ్గరనున్న ఆసుపత్రిలో ఈ సౌకర్యము కలదేమో ఆరోగ్యముగా నున్న నాడే విచారించి యుంచుకొనుట వివేకము.

రెండవది, వైద్యుని చూడగనే మొట్టమొదట పలుకవలసిన మాట “ఈయనకు పది సంవత్సరములుగా షుగరు ఉన్నది” అనునది. ఆ ఒక్క మాట వైద్యుని ఆలోచనను మార్చును. మొదటి ఇ.సి.జి. సరిగా నున్నంత మాత్రమున ఇంటికి తిరిగిరాకూడదు. కొన్ని గుండెపోటులు మొదటి బొమ్మలో కనబడవు. కొంతసేపటికి మరల తీయుదురు. ట్రోపోనిను అను రక్తపరీక్షను కొన్ని గంటల వ్యవధిలో రెండుమారులు చేయుదురు. గుండె కండరము చెడినపుడే ఆ పదార్థము నెత్తురులోనికి హెచ్చుగా వచ్చును. మూడవది, ఆస్పిరిను. 1988లో ప్రకటించిన, పదునేడు వేల మందిపై జరిగిన పరీక్షలో, గుండెపోటు రోగులలో ఈ సామాన్యమైన మాత్ర మరణములను సుమారు నాల్గవవంతు తగ్గించినది. వైద్యుడు గాని, 108 వారు గాని చెప్పినచో దానిని నమిలి మ్రింగవలెను. కడుపులో పుండు, రక్తస్రావము, ఆ మందు పడకపోవుట, పక్షవాతపు లక్షణములు ఉన్నవారు తమంత తాము వాడరాదు.

గుండెపోటు మౌనముగా వచ్చునని తెలిసిన పిమ్మట, షుగరున్న వారందరును ఖరీదైన గుండె పరీక్షలు చేయించుకొనవలెనా యను ప్రశ్న పుట్టును. ఈ ప్రశ్నకును సమాధానము వెదకిరి. ఏ బాధయు లేని మధుమేహ రోగులను 522 మందిని అమెరికా, కెనడా దేశములలో పరీక్షింపగా, ఐదుగురిలో ఒకరికి పైగా గుండెకు నెత్తురు సరిగా అందనట్టి గుర్తులు కనబడినవని 2004లో ప్రకటించిరి. అయితే పరీక్ష చేయించుకొన్నవారిని, చేయించుకొననివారిని సుమారు ఐదేండ్లు గమనించి చూడగా, గుండెపోటులలోను, మరణములలోను చెప్పుకోదగిన భేదము లేకపోయెను. ఇరువురకును మంచి వైద్యము అందుటయే అందుకు కారణమై యుండవచ్చునని పరిశోధకులు తలచిరి. అనగా బాధలేనివారు భయముతో అప్పుచేసి పరీక్షలకై పరుగెత్తనక్కరలేదు. నడచిన ఆయాసము వచ్చువారు, ఇ.సి.జి.లో మార్పున్నవారు, ఇదివరకే గుండె, మెదడు, కాళ్ళ రక్తనాళముల జబ్బున్నవారు మాత్రము వైద్యుని సలహాపై చేయించుకొనవలెను.

తమ కావలివాడు నిద్రించుచున్నాడేమో తెలిసికొనుటకు ఖర్చులేని గుర్తులు కొన్ని కలవు. అరికాళ్ళు మొద్దుబారుట, ఊరక కూర్చున్నను నాడి నిమిషమునకు నూరు దాటి కొట్టుకొనుట, పడకనుండి లేచి నిలిచినపుడు కన్నులు చీకట్లు క్రమ్ముట, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుండుట. ఇవి ఉన్నవారు ఆ సంగతిని వైద్యునితో చెప్పి, నిలుచున్నపుడును పండుకొన్నపుడును రక్తపుపోటు చూపించుకొనవలెను. అట్టివారు నొప్పిని నమ్ముకొనక, పైన చెప్పిన తక్కిన గుర్తులకు చెవియొగ్గవలెను.

నివారణ లేదా యనిన, కలదు. డెన్మార్కులో 160 మంది మధుమేహ రోగులపై జరిగి 2003లో ప్రకటింపబడిన పరిశీలన ఇందుకు తార్కాణము. సగముమందికి చక్కెరతోపాటు రక్తపుపోటును, క్రొవ్వును కూడ గట్టిగా అదుపుచేసి, ఆస్పిరిను ఇచ్చి, తిండి, నడక, పొగత్రాగుట విషయములలో శ్రద్ధ తీసికొనిరి. సుమారు ఎనిమిదేండ్లలో గుండె, రక్తనాళముల ఆపదలు వారిలో దాదాపు సగమునకు తగ్గినవి. ఇందలి నీతి స్పష్టము. ఒక్క చక్కెరనే చూచుకొని, రక్తపుపోటు మాత్రను మానివేసి, బీడీని, చుట్టను మానకుండుట ఇంటికి ముందు తలుపు వేసి పెరటి తలుపు తెరచుట వంటిది. మూడు నెలల సగటు చక్కెరను చూపు రక్తపరీక్ష, రక్తపుపోటు, క్రొవ్వు, మూత్రపిండముల పరీక్ష, పాదముల పరీక్ష: ఇవి వరుస తప్పక జరుగవలెను.

రేడియో ఉన్న ప్రతి ఇంటిలోను నేడు షుగరున్న పెద్దవారొకరు ఉండుట సంభవమే. వారు బాధను చెప్పుకొనలేకపోవచ్చును. వారి నాడులే చెప్పలేకపోవచ్చును. అట్టియెడ చూచువారి కన్ను వారికి నాడి కావలెను. కారణము తెలియని ఆయాసము, చల్లని చెమట, ఎన్నడులేని నీరసము, పైకడుపు బరువు, క్రొత్తగా వచ్చిన దవడ, భుజపు బాధ: వీనిలో ఏదైనను షుగరున్న మనిషికి అకస్మాత్తుగా వచ్చి, పది పదునైదు నిమిషములలో తగ్గనిచో ఇ.సి.జి. తీయించుడు. తీరా చూచి గ్యాసే యని తేలినచో పోయినది ఒక పూట ప్రయాణము. ఆ నవ్వులపాటునకు ఎవరును సిగ్గుపడనక్కరలేదు.